బాబాయి పెంటాక్స్ కెమెరా షట్టర్‌లో లోపం ఎక్కడుందో తేలిన తీరు: నా అనుభవం

గత నవంబరులో బాబాయి సంవత్సరీకం అయిన తరువాత, పిన్ని ఆయన వాడిన పెంటాక్స్ కె1000 కెమెరాను, దానితోపాటు నెగెటివ్‌లు దాచిన రెండు రేకు డబ్బాలను నాకు అప్పగించింది. బాబాయి విద్యుత్ శాఖలో ఉద్యోగం చేస్తూనే, ఆదివారాలు, ముహూర్తాల రోజులు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవారు. 1983లో దుబాయ్ నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర కొన్న ఈ కెమెరాను చివరి వరకు ఎవరికీ ఎరువు ఇవ్వలేదు. "మీ బాబాయి ఉన్నన్నాళ్ళూ ఇది ఒక్కసారి కూడా మొరాయించలేదమ్మా" అని పిన్ని చెప్పిన మాటను నేను పూర్తిగా నమ్మాను. ఆ మాట ఎంతవరకు నిజమో, ఎందుకు నిజమో తెలుసుకోవడానికి నాకు జూలై దాకా పట్టింది. పాత కెమెరా చేతికి వచ్చిన వాళ్ళు ఇదే దారిలో నడవవలసి వస్తుంది కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం వెనుక మూత తెరిచి, రీలు లేకుండా, లెన్సు తీసేసి, కిటికీ వైపు తిప్పి ఒక్కో వేగంలో బటన్ నొక్కి చూశాను. ఈ కెమెరాలో షట్టర్ అంటే రబ్బరు పూత పూసిన రెండు గుడ్డ తెరలు. మొదటి తెర పక్కకు జరిగి వెలుతురును లోపలికి రానిస్తుంది, రెండవ తెర దాని వెనుకే వచ్చి మూసేస్తుంది. సెకనులో 1/60 వంతు వరకు మొత్తం చట్రం (రీలు మీద ఫొటో పడే చోటు) ఒక్క క్షణమైనా పూర్తిగా తెరుచుకుంటుంది. అంతకంటే వేగం పెంచితే రెండు తెరల మధ్య సన్నని చీలిక మాత్రమే 36 మిల్లీమీటర్ల వెడల్పును దాటుకుంటూ పోతుంది. 1/1000 దగ్గర ఆ చీలిక వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఆ మధ్యాహ్నం నా కంటికి అన్ని వేగాలూ సరిగానే కనిపించాయి. శబ్దం కూడా గట్టిగా, శుభ్రంగా వినిపించింది. 1 సెకను దగ్గర లోపలి పళ్ళచక్రాలు తిరిగే చప్పుడు కొంచెం బరువుగా ఉన్నట్టు అనిపించినా, దాన్ని వయసుకు వదిలేశాను.

జనవరి 14న, సంక్రాంతి నాడు, ఐఎస్‌ఓ 200 (వెలుతురును పట్టే సున్నితత్వం) ఉన్న రంగుల రీలు ఒకటి (950 రూపాయలు) వేసుకుని, ముందు మా డాబా మీద, తరువాత సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాల పండుగ దగ్గర ఫొటోలు తీశాను. గాలిపటం ఆకాశంలో కుదురుగా నిలవదు కనుక షట్టర్ వేగం 500 లేదా 1000 (అంటే సెకనులో 1/500, 1/1000 వంతు) దగ్గరే ఉంచాను. పొద్దున్న ఎనిమిది గంటలకు డాబా మీద, చలిలో, మొదటి క్లిక్‌కే వ్యూఫైండర్ నల్లబడి అలాగే ఉండిపోయింది. లెన్సు నుంచి వచ్చే వెలుతురును వ్యూఫైండర్‌కు పంపే అద్దం పైకి లేచి కిందికి దిగలేదు. గుండె జారిపోయింది. కొన్ని క్షణాల తరువాత అద్దం దానంతట అదే దిగింది, ఆ తరువాత రోజంతా మళ్ళీ ఆగలేదు. ఈ సంఘటనను ఆ రోజే కాగితం మీద రాసి పెట్టుకోవడం తరువాత ఎంతో ఉపయోగపడింది. ఈ కెమెరాలో రెండవ తెర ప్రయాణం పూర్తి చేసినప్పుడే అద్దం కిందికి దిగే అమరిక విడుదలవుతుంది. కాబట్టి అద్దం పైన నిలిచిపోయిందంటే లోపం అద్దంలోనే ఉండనక్కరలేదు. తెర చివరి దాకా చేరలేదేమో అని ముందుగా అనుమానించాలి.

రీలును జనవరి 16న కడగడానికి ఇచ్చాను. తగినన్ని రీళ్ళు పోగైతే గాని రసాయనాలు కలపబోమని లాబ్ వారు ముందే చెప్పారు, ఫలితం 28వ తేదీకి చేతికి వచ్చింది. కడగడానికి, స్కానింగ్‌కు కలిపి 450 రూపాయలు అయింది. తెరిచి చూడగానే మొదటి నాలుగైదు ఫ్రేముల్లో ఆకాశం ఒక అంచున పూర్తిగా నల్లగా ఉంది. తరువాతి ఫ్రేముల్లో ఆ నలుపు క్రమంగా సన్నబడి, మధ్యాహ్నానికి తీసిన వాటిలో ఒక పక్క కాస్త మసక మాత్రమే మిగిలింది. కెమెరాను నిలువుగా పట్టుకుని తీసిన ఫొటోల్లో ఆ నలుపు పక్క నుంచి పై అంచుకు మారింది, అంటే అది దృశ్యానికి కాదు, కెమెరా చట్రానికి అంటుకుని ఉంది. లెన్సు వల్ల వచ్చే మసక నాలుగు మూలలా సమానంగా ఉంటుంది, ఇది ఒక్క పక్కనే ఉంది. ఏమీ లేని నీలి ఆకాశాన్ని ఎక్కువగా తీయడం వల్లనే ఇంత స్పష్టంగా తెలిసింది. మనుషులను, చెట్లను తీసి ఉంటే ఆ పక్క నీడ పడిందని సరిపెట్టుకునేదాన్ని.

ఫిబ్రవరి మొదటి వారంలో కోఠీలో కెమెరా దుకాణాలకు వెళ్ళాను. ఒకచోట బ్యాటరీ మారిస్తే సరిపోతుందన్నారు. ఈ కెమెరాలో ఎల్‌ఆర్44 బ్యాటరీ వెలుతురు కొలిచే ముల్లుకే పనికివస్తుంది గాని షట్టర్‌కు దానితో ఏ సంబంధమూ లేదు, బ్యాటరీ తీసేసినా అన్ని వేగాలూ పనిచేస్తాయి. మరొకచోట తెరలు రెండూ పాడయ్యాయని, వేరే ఊరి నుంచి తెప్పించి మార్చడానికి 6,500 రూపాయలు, నెల రోజులు పడుతుందని చెప్పారు. ఇంకొకచోట తుప్పు వదిలించే స్ప్రే ఒక చుక్క కొడితే క్షణంలో తేలికపడుతుందని సీసా అందుకోబోతే, నేను కెమెరాను వెనక్కి తీసుకున్నాను. ఆ నూనె గుడ్డ తెరల మీదికి పాకితే ఇక బాగుచేయడానికి ఏమీ మిగలదు. అన్నిచోట్లా ఒక విషయం గమనించాను. కెమెరా చేతికి తీసుకోగానే ప్రతి ఒక్కరూ పది పదిహేను సార్లు గబగబా నొక్కి, ఆ తరువాత వెనుక నుంచి చూసి, "బాగానే ఉంది కదమ్మా" అన్నారు. అప్పటికి అది నిజంగానే బాగుంటోంది. నా రీలులో మొదటి ఫ్రేములు ఎక్కువ పాడై, తరువాతివి మెరుగుపడిన తీరుతో ఈ మాటను కలిపి చూసుకుంటే, లోపల ఎక్కడో పాత గ్రీజు గట్టిపడి, కదిలించిన కొద్దీ మెత్తబడుతోందన్న అనుమానం నాకు బలపడింది.

తెరలు మార్చాలన్న మాట నిజమా కాదా అన్నది ఇంట్లోనే తేల్చుకోగలిగాను. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, లెన్సు తీసి, బల్బు అమరిక దగ్గర డయల్ ఉంచి బటన్ నొక్కి పట్టుకుంటే అద్దం పైకి లేచి మొదటి తెర పక్కకు పోతుంది. బటన్ వదిలితే రెండవది మూసుకుంటుంది. రెండవ తెరను మూసి ఉన్న స్థితిలో వెనుక నుంచి టార్చితో వెలిగించి, అద్దాన్ని వేలితో మెల్లగా ఎత్తి ముందు నుంచి చూశాను. తరువాత రీలు జరిపే లివర్ తిప్పి మొదటి తెరనూ అలాగే చూశాను. చిల్లులు ఉంటే నక్షత్రాల్లా వెలుతురు చుక్కలు కనిపించాలి. ఒక్కటి కూడా కనిపించలేదు. గుడ్డ మడతలు పడలేదు, పెళుసుబారలేదు. 6,500 రూపాయల మాటను ఆ రాత్రితో పక్కన పెట్టాను.

ఇక కొలత. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీస్తే ఒక్కో ఫ్రేముకు నాలుగు మిల్లీసెకన్లకు కాస్త పైగా పడుతుంది కనుక, 1 సెకను నుంచి 1/30 వరకు దానితోనే చూసుకోవచ్చు. 1 సెకను అనేది 1.3 సెకన్లు పడుతోందని అలాగే తెలిసింది. వేగవంతమైన వాటికి ఫోను చాలదు. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక ఫొటోట్రాన్సిస్టర్ (వెలుతురు పడితే విద్యుత్తును పారనిచ్చే చిన్న భాగం), మైకు పిన్ను, కొంచెం తీగ కొన్నాను. మొత్తం 80 రూపాయలు. దాన్ని పిన్నుకు అతికించి లాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే, మైకుకు అందే కొద్దిపాటి విద్యుత్తే దానికి సరిపోతుంది. లెన్సు వైపు నుంచి టార్చి వెలిగించి, వెనుక రీలు ఉండవలసిన చోట ఆ ఫొటోట్రాన్సిస్టర్‌ను టేపుతో అంటించి బటన్ నొక్కితే, వెలుతురు పడినంతసేపు రికార్డింగులో ఒక గీత లేస్తుంది. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగులో మిల్లీసెకనుకు 48 బిందువులు ఉంటాయి, ఈ పనికి అది చాలినంత.

రెండు విషయాలు నన్ను చాలాసేపు నిలిపివేశాయి. ఇంట్లోని ఎల్‌ఈడీ దీపం వెలుతురులో కొలిస్తే ప్రతిసారీ వేరే సంఖ్య వచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా దీపాలు సెకనుకు వంద సార్లు తగ్గి పెరుగుతుంటాయని, బ్యాటరీ టార్చి గాని ఎండ గాని వాడాలని తరువాత అర్థమైంది. రెండవది, ఫొటోట్రాన్సిస్టర్ ముఖం చీలిక కంటే వెడల్పు కావడంతో 1/1000 దగ్గర గీత అంచులు అలుక్కుపోయాయి. నల్ల కాగితంలో బ్లేడుతో సన్నని గాటు పెట్టి దాని ముందు అంటించాక గీత నిటారుగా లేచింది.

ఫిబ్రవరి మూడవ వారం నుంచి వరుసగా పన్నెండు రోజులు, రాత్రంతా కదపకుండా ఉంచిన కెమెరాను తెల్లవారుజామున తీసి, మొదటి క్లిక్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుంటూ, తెర బయలుదేరే అంచు, మధ్య, ముగిసే అంచు, ఈ మూడు చోట్లా కొలిచాను. ఒక పొద్దుటికి ఒక్క కొలతే కనుక ఓపిక పట్టవలసి వచ్చింది. 1/500 అంటే 2 మిల్లీసెకన్లు ఉండాలి. బయలుదేరే అంచున 2.1, మధ్యలో 1.5, చివర 0.9 వచ్చింది. 1/250 అంటే 4 ఉండాలి. 4.1, 3.5, 2.9 వచ్చింది. 1/1000 దగ్గర 1.1తో మొదలై మధ్యలో 0.5కు పడి, చివర గీతే లేవలేదు. 1/60 దగ్గర 16.5, 15.9, 15.3.

ఈ సంఖ్యలను పక్కపక్కన రాసుకుని చూసిన పొద్దుట కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. డయల్ ఏ వేగం దగ్గర ఉన్నా, ఒక అంచు నుంచి రెండో అంచుకు పోయేసరికి పోతున్నది దాదాపు ఒకే మొత్తం, 1.2 మిల్లీసెకన్లు. అంటే వేగాలు నిర్ణయించే అమరికలో తప్పు లేదు. మొదటి తెర నెమ్మదిగా పోతోంది, లేదా రెండవది తొందరగా వస్తోంది, లేదా రెండూ. 1/60 దగ్గర పదహారు మిల్లీసెకన్లలో 1.2 పోతే ఫొటోలో ఎవరికీ తెలియదు. 1/500 దగ్గర అదే 1.2 పోతే ఒక అంచున వెలుతురు సగం కంటే తక్కువ. 1/1000 దగ్గర రెండవ తెర మొదటిదాన్ని అందుకుని మూసేస్తుంది.

పిన్ని చెప్పిన మాటలోని చిక్కు కూడా దీనితోనే విడిపోయింది. బాబాయి తీసినవన్నీ పెళ్ళిళ్ళు, ఫ్లాష్‌తో, ఈ కెమెరాకు ఫ్లాష్ పనిచేసే అత్యధిక వేగమైన 1/60 దగ్గర. డబ్బాల్లోని నెగెటివ్‌లను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే పెళ్ళి ఫొటోలు చివరి వరకు అంచు నుంచి అంచుకు సమానంగా ఉన్నాయి. పగటిపూట బయట తీసిన కొద్ది రీళ్ళలో, కవర్ల మీద ఆయన వేసిన తేదీల ప్రకారం, 1980ల నాటివి నిక్షేపంగా ఉండగా, 1999 బోనాల రీలులో ఒక అంచు నెగెటివ్ పల్చబడి ఉంది, అంటే అక్కడ వెలుతురు తక్కువ పడింది. అప్పటికే లోపం మొదలైంది. ఒకటి రెండు పెళ్ళి రీళ్ళలో సగం ఫ్రేము ఖాళీగా ఉన్న ఫొటోలు కూడా కనిపించాయి గాని, అవి ఈ లెక్కలోకి రావు. ఫ్లాష్ పెట్టి వేగం 125కు జరిగిపోతే బాగున్న కెమెరాలోనూ అలాగే వస్తుంది.

సుల్తాన్ బజారులో పూర్వం స్టూడియో నడిపిన పెద్దాయన ఒకరు, పాతబస్తీలో ఇంటి ముందు గదిలోనే కెమెరాలు బాగుచేసే ఒక మెకానిక్ గారి దగ్గరకు పంపారు. ఏప్రిల్ 6న వెళ్ళాను. ఎండ మండిపోతోంది, కెమెరా ఏ లోపమూ చూపలేదు. నా సంఖ్యల కాగితాన్ని ఆయన ఓపికగా చదివి, గది మూలన ఉన్న పాత పిక్చర్ ట్యూబ్ టీవీ వేసి, లెన్సు తీసిన కెమెరా వెనుక నుంచి దాన్ని చూడమన్నారు. 1/1000 దగ్గర నొక్కితే టీవీ తెర మీద ఒక ఏటవాలు వెలుగు పట్టీ కనిపించింది. మన పాత టీవీలు సెకనుకు 15,625 గీతలు గీస్తాయి కనుక, 1/1000 సరిగా ఉంటే ఏ చోట చూసినా ఆ పట్టీ మందం పదిహేను పదహారు గీతలు ఉండాలి. 1/500 దగ్గర దాదాపు ముప్పై ఒకటి. టీవీ గీతలు పై నుంచి కిందికి పడుతుంటే మన చీలిక అడ్డంగా జరుగుతుంది కనుక పట్టీ వాలుగా కనిపిస్తుంది. పట్టీ పొడవునా మందం ఒకేలా ఉంటే తెరలు సమానంగా నడుస్తున్నట్టు, ఒక చివర సన్నబడితే అక్కడ వెలుతురు తగ్గుతున్నట్టు. ఎనభై రూపాయల తీగతో నేను రోజుల తరబడి కష్టపడి తెలుసుకున్నదాన్ని ఆయన ఒక్క చూపులో చూడగలుగుతున్నారని తెలిసి ఆయన మీద అపారమైన గౌరవం కలిగింది.

పట్టీ ఆ మధ్యాహ్నం సమానంగానే ఉంది. కెమెరాను రెండు రాత్రులు కదపకుండా ఉంచి, మూడవ రోజు తెల్లవారుతూనే ఒక్కసారి మాత్రం నొక్కి చూడమని అడిగాను. ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. 8వ తేదీ పొద్దున్న ఆరింటికి ఫోన్ వచ్చింది. "అమ్మా, మీరు చెప్పింది నిజమే. పట్టీ చివర సగానికి సగం సన్నబడింది. రెండోసారికి కొంచెం నయం, ఐదోసారికి మామూలే." చలికాలంలో పూర్తిగా మూసుకుపోయినది వేసవిలో సగానికి తగ్గడం సబబే అనిపించింది. పాత కెమెరా చూపించడానికి డిసెంబరు, జనవరి నెలలే మంచివని నేను ఎవరు అడిగినా చెబుతున్నాను.

అడుగు రేకు విప్పాక రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటి తెర చుట్టుకునే రోలరు ఇరుసుల దగ్గర గ్రీజు నల్లబడి జిగురుగా మారింది. రెండవ తెర స్ప్రింగును ఇంతకుముందు ఎవరో అవసరానికి మించి బిగించారు, మర తలల మీద గీతలే అందుకు సాక్ష్యం. అప్పట్లో రెండవ తెర చివరి దాకా రావడం లేదని బిగించి ఉంటారని, మురికి తీయకుండా బిగించడం వల్ల అది మొదటిదాని మీదికి ఎగబడుతోందని ఆయన వివరించారు. మురికి అలాగే ఉంచి ఇప్పుడు మొదటిదాన్ని కూడా బిగిస్తే ఫొటోలు కొన్నాళ్ళు సమానంగానే వస్తాయట, కాని గుడ్డకూ దారాలకూ భారం పెరిగి అప్పుడు నిజంగానే తెరలు మార్చవలసి వస్తుందట. ఆయన ఇరుసులు శుభ్రం చేసి, గడియారాల నూనె సూదిమొనతో అద్ది, రెండవ స్ప్రింగును వదులు చేసి, మొదటిదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పట్టీ సమానమయ్యే వరకు సరిచేశారు. నెమ్మది వేగాల పళ్ళచక్రాలనూ కడిగారు. అద్దం తగిలే చోట తారులా కరిగిన స్పాంజిని మార్చారు.

పది రోజులన్న పని జూన్ 21 దాకా సాగింది. మధ్యలో ఆయనకు శుక్లాల ఆపరేషన్ జరిగింది. కన్ను కుదుటపడే వరకు ముట్టుకోనని కబురు పంపినప్పుడు, ఆలస్యానికి బాధపడకపోగా నిశ్చింతగా అనిపించింది. 2,800 రూపాయలు తీసుకున్నారు. దాచేటప్పుడు లివర్ తిప్పి ఉంచవద్దని, స్ప్రింగులు బిగువుగా నెలల తరబడి ఉండకూడదని, నెలకొకసారి అన్ని వేగాల్లోనూ కొన్నిసార్లు నొక్కుతుండమని చెప్పారు.

చలికాలం దాకా ఆగలేక, ఏసీ 20 డిగ్రీల దగ్గర పెట్టిన గదిలో రాత్రంతా కెమెరాను ఉంచి పొద్దున్నే కొలిచాను. 1/1000 దగ్గర 1.1, 1.0, 0.9. 1/500 దగ్గర 2.1, 2.0, 1.9. సెకను 1.05కు వచ్చింది. ఈ వయసు షట్టర్‌కు స్టాపులో (వెలుతురు రెట్టింపు లేదా సగం కావడాన్ని ఒక స్టాపు అంటారు) మూడో వంతు తేడాను ఎవరూ లోపంగా లెక్కించరు, ఇది అంతకంటే తక్కువే.

జూలైలో వాన తెరిపి ఇచ్చిన ఒక పగలు ట్యాంక్‌బండ్ మీద రెండవ రీలు తీశాను. ఎండ నిటారుగా ఉన్నప్పుడు, వేగం పెంచిన ప్రతిసారీ లెన్సు రంధ్రాన్ని (ఎఫ్ సంఖ్య తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది) అంతే మేర తెరుస్తూ, 125కు ఎఫ్/22, 250కి ఎఫ్/16, 500కు ఎఫ్/11, 1000కి ఎఫ్/8 పెట్టి, ఒకే ఆకాశాన్ని ఒకే వెలుతురులో వరుసగా తీశాను. నాలుగు నెగెటివ్‌లూ ఒకే చిక్కదనంతో, అంచు నుంచి అంచుకు సమానంగా వచ్చాయి. కొన్ని ఫ్రేముల్లో మాత్రం ఒక పక్కన ఎర్రటి చార ఉంది. చూడగానే మనసు చివుక్కుమన్నా, ఆ చార ఫ్రేము దాటి రీలు అంచు రంధ్రాల దాకా పాకి ఉంది. షట్టర్ లోపమైతే ఫ్రేము గీత లోపలే ఆగాలి. ఇది వెనుక మూత కీలు దగ్గర స్పాంజి పొడిపొడిగా రాలిపోయి, అక్కడి నుంచి వెలుతురు దూరడం వల్ల వచ్చింది. ఆ స్పాంజి పట్టీలు 150 రూపాయలకు తెప్పించాను, పాత జిగురు గీకి అవి అంటించడానికి ఒక సాయంత్రం సరిపోయింది.